యాప్ చూడని ముప్ఫై రోజులు

మార్చి 1, ఆదివారం

ఒట్టేశాను. రేపటి నుంచి ముప్ఫై రోజులు సోలార్ యాప్ చూడను.

కారణం ఇక్కడ రాసిపెట్టుకోవాలి, తర్వాత తప్పంతా ఇంట్లోవాళ్ళ మీదకి తోసేయకుండా. నిన్న మా ఆవిడ స్కూలుకి సెలవు. నేను కళ్ళద్దాల షాపులో ఒక పెద్దావిడకి చూపు పరీక్ష చేస్తూ, అలవాటుగా ఫోన్ చూశాను. ఆకాశంలో మబ్బు. డాబా మీద పన్నెండు సోలార్ పలకలూ కలిసి నాలుగు వందల వాట్లు ఇస్తుంటే, ఇంట్లో ఎవరో రెండు వేలు లాగుతున్నారు. వెంటనే మా ఆవిడకి ఫోన్ చేశాను. తీయలేదు. మళ్ళీ చేశాను. ఐదోసారికి తీసింది. తల నిండా షాంపూతో, కళ్ళు మండుతూ, ఎవరికో ఏదో అయిపోయిందనుకుని బాత్రూంలోంచి పరిగెత్తుకొచ్చిందట. "గీజర్ ఆపు, మబ్బు పట్టింది" అన్నాను.

అటునుంచి వచ్చిన మాటలకి ఈ డైరీలో చోటు చాలదు.

ఒప్పందం:
– ముప్ఫై రోజులు యాప్ చూడకూడదు.
– నెగ్గితే బ్యాటరీ కొనుక్కోవచ్చు. పగటి కరెంటుని రాత్రికి దాచిపెట్టే బ్యాటరీ. రెండేళ్ళుగా అడుగుతున్నాను. రెండేళ్ళుగా "చూద్దాం" అంటోంది.
– ఓడితే మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలు. బ్యాటరీ మాట ఏడాది దాకా ఎత్తకూడదు.

సాక్షి సంతకం మా అమ్మాయిది. కాలేజీలో చదివేది లెక్కలే అయినా ఇంట్లో దాన్ని లాయరు అంటాం. "చూడటం" అంటే ఏమిటో వివరంగా రాయాలంది. అవసరం లేదన్నాను. మా మామయ్యగారు పేపరు దించి, "ముప్ఫై రోజులేగా బాబూ, బండి కాస్త లేటనుకో" అన్నారు. ఆయన మా ఆవిడ నాన్నగారు, రిటైరైన స్టేషన్ మాస్టరు. అత్తయ్యగారు పోయాక కొన్నాళ్ళు కొడుకు దగ్గరుండి, ఆరు నెలల కిందట మా దగ్గరికి వచ్చారు.

మార్చి 2, సోమవారం. ఒకటో రోజు

ఉ. 6:40: యాప్ తీసేశాను. ఒళ్ళు తేలికైంది.

ఉ. 7:15: సూర్యోదయం చూశాను. ఎన్ని వాట్లో తెలియకుండా చూడటం పలకలు పెట్టించాక ఇదే మొదటిసారి. చాలా అందంగా ఉంది. ఎర్రగా, గుండ్రంగా.

రా. 9:00: ఇవాళ ఎవర్నీ ఏమీ అనలేదు. లాయరు జుట్టు ఆరబెట్టుకునే మిషన్ ఇరవై నిమిషాలు వాడింది. చిరునవ్వుతో చూశాను. ఈ ముప్ఫై రోజులు నాకు ఓ లెక్కా!

మార్చి 3, మంగళవారం. రెండో రోజు

ఉ. 11:30: మబ్బు. నా బొటనవేలు దానంతటదే యాప్ ఉండే చోటికి వెళ్ళింది. అక్కడిప్పుడు కాలిక్యులేటర్ ఉంది. నొక్కాను. పలకకి నాలుగు వందలు, పన్నెండు పలకలు, మబ్బుకి సగం తీసేస్తే ఎంత? ఇది చూడటం కాదు, లెక్కలు.

మ. 12:10: కస్టమరుకి అద్దాలు మార్చి, "ఇప్పుడు వెలుగెలా ఉంది?" అని అడిగాను. "అక్షరాలు బాగున్నాయండీ" అన్నాడు. "అక్షరాలు కాదు, బయట" అన్నాను.

మార్చి 5, గురువారం. నాలుగో రోజు

ఉ. 7:50: మెట్ల కింద గోడకి ఇన్వర్టర్ పెట్టె ఉంది. దాని మీద అంకెలు కనిపిస్తాయి. నా చెప్పు ఒకటి అక్కడ పడిపోయింది. వెతకడానికి పది నిమిషాలు పట్టింది.

7:58: మా ఆవిడ వచ్చి చూసింది. రెండు చెప్పులూ నా కాళ్ళకే ఉన్నాయి.

8:05: ఒప్పందంలో కొత్త అంశం: ఇన్వర్టర్‌కి ఆరడుగుల దూరం.

మార్చి 7, శనివారం. ఆరో రోజు

పక్కింటాయన డాబా మీదా పన్నెండు పలకలే. అదే కంపెనీ, అదే ఎండ. సాయంత్రం ఊరికే పలకరిద్దామని వెళ్ళాను. ఆయనే ఫోన్ తీసి చూపించాడు. నేను అడగలేదు. "మీ యాప్ ఎలా ఉంది?" అన్నాను, అంతే.

ఇవాళ ఇరవై రెండు యూనిట్లట. అయితే మాదీ ఇరవై రెండే అయ్యుండాలి. కానీ మా పలకలకి పొద్దున పూట నీడ లేదు, వాళ్ళకి వాటర్ ట్యాంకు నీడ ఉంది. అయితే మాది ఇరవై మూడా? ఇరవై మూడున్నరా? రాత్రి అన్నం సయించలేదు.

మార్చి 10, మంగళవారం. తొమ్మిదో రోజు

ఉ. 10:45: యాప్‌లో వివరాలు అసలు నమోదవుతున్నాయా లేదా అని అనుమానం వచ్చింది. ముప్ఫై రోజుల తర్వాత తెరిస్తే ఖాళీగా ఉంటే? అప్పుడు బ్యాటరీ ఎంతది కొనాలో ఎలా తెలుస్తుంది? బాధ్యత ఉన్న మనిషి ఒకసారి సరిచూసుకోవాలి. షాపు కంప్యూటర్లో. ఒకే ఒక్కసారి.

10:50: నమోదవుతున్నాయి. హమ్మయ్య.

10:52: ఇంకో నిమిషం.

11:40: ఇంకా ఇక్కడే ఉన్నాను. వింత ఒకటి కనిపించింది.

మా ఇంట్లో ఏ సామాను కరెంటు తాగినా గ్రాఫ్‌లో దాని ఆకారం నాకు తెలుసు. గీజరు బల్లలా చదునుగా ఉంటుంది. మిక్సీ సూదుల్లా. ఇస్త్రీపెట్టె వేడెక్కి ఆగుతూ, మళ్ళీ వేడెక్కుతూ దువ్వెన పళ్ళలా. పది ఇరవైకి చిన్న గుట్ట ఉంది, అది వాషింగ్ మెషీన్. సరిగ్గా పదకొండూ పదికి దువ్వెన.

ఇవాళే కాదు, వెనక్కి వెళ్ళి చూశాను. నిన్నా ఉంది, మొన్న శనివారమూ ఉంది. ఒట్టుకి ముందు మాత్రం ఎక్కడా లేదు.

ఆ వేళకి ఇంట్లో ఎవరూ ఉండరు. మా ఆవిడ స్కూల్లో. లాయరు కాలేజీలో, ఒంటిగంటకి గానీ రాదు. మామయ్యగారు పదింటికల్లా గొడుగు పట్టుకుని లైబ్రరీకి. మరి నా ఇంట్లో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసుకుంటున్నది ఎవరు?

మార్చి 11, బుధవారం. పదో రోజు

ఉ. 11:10: దువ్వెన. నిమిషం అటూ ఇటూ లేదు.

అనుమానితులు:
1. మా ఆవిడ. కానీ ఇస్త్రీ అంటే ఆవిడకి చచ్చేంత విసుగు.
2. లాయరు. కాలేజీ ఎగ్గొట్టి వచ్చినా ఇస్త్రీ చేసేంత మార్పు మనిషిలో రాదు.
3. యాప్ తప్పు. నోరు మూసుకోవాలి నేను. యాప్ తప్పు చెప్పదు.
4. దొంగ. బట్టలు తెచ్చుకుని ఉతుక్కుని వెళ్ళే దొంగ.

అసలు చిక్కు వేరే ఉంది. ఎవర్నీ అడగలేను. అడిగితే "మీకెలా తెలుసు?" అంటారు. బ్యాటరీ గోవిందా.

మార్చి 13, శుక్రవారం. పన్నెండో రోజు

రాత్రి భోజనాల దగ్గర చాలా తెలివిగా కూపీ లాగాను. "ఈ మధ్య బట్టలు ఎంత బాగా నలగకుండా ఉంటున్నాయో" అన్నాను. మా ఆవిడ నా చొక్కా వంక చూసింది. అది గుడ్డల మూటలోంచి తీసినట్టుంది. "పగలు ఇంట్లో ఎవరూ లేకపోవడం ప్రమాదమేమో" అన్నాను. లాయరు నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. మామయ్యగారు మాత్రం తలెత్తకుండా అన్నం కలుపుకున్నారు.

మార్చి 15, ఆదివారం. పద్నాలుగో రోజు

ఉ. 11:10: షాపుకి సెలవు. పెరట్లో నిలబడి లాయరు పాత ట్యాబ్‌లో చూశాను. (ట్యాబ్ ఛార్జింగ్ ఉందో లేదో చూడటానికి తీశాను.) దువ్వెన లేదు. పోయిన ఆదివారమూ లేదు. దొంగకి వారం సెలవు కూడా ఉంది, నాకన్నా నయం.

ఆదివారాలు మామయ్యగారు సోఫాలో నోరు తెరుచుకుని సాయంత్రం దాకా నిద్రపోతారు. రిటైరైతే సుఖమే సుఖం అనుకున్నాను.

మార్చి 17, మంగళవారం. పదహారో రోజు

కడుపు నొప్పని చెప్పి షాపు నుంచి బయల్దేరాను. వీధి చివర స్కూటర్ ఆపి, నడిచి వచ్చి, పెరటి తలుపు తోశాను. సమయం పదకొండూ పదమూడు. చేతిలో హెల్మెట్, అవసరమైతే కొట్టడానికి.

వంటింటి పక్క భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి ఉంది. మామయ్యగారు చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, తడి దుప్పటిని ఇస్త్రీ చేస్తున్నారు. ఆవిరి లేస్తోంది. గొడుగు మేకుకే ఉంది. నన్ను చూసి ముందు ఇస్త్రీపెట్టె నిలబెట్టారు, తర్వాత స్విచ్ ఆపారు.

"లైబ్రరీకి వెళ్ళలేదా మామయ్యగారూ" అన్నాను. అంతకన్నా తెలివితక్కువ ప్రశ్న నాకు దొరకలేదు.

ఆయన కాసేపు దుప్పటి అంచులు సరిచేశారు. "రాత్రిళ్ళు తెలియకుండా అయిపోతోంది బాబూ" అన్నారు.

నాకు అర్థం కావడానికి ఓ క్షణం పట్టింది. అర్థమయ్యాక హెల్మెట్ ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

తర్వాత ఆయనే చెప్పారు. అత్తయ్యగారు ఉన్నప్పుడు ఆవిడే చూసుకునేవారట. పొద్దున లేచేసరికి పరుపు మీద వేరే దుప్పటి ఉండేదట, దాని గురించి ఇద్దరూ ఒక్క మాటా అనుకునేవారు కాదట. ఆవిడ పోయాక కొడుకు ఇంట్లో ఒకసారి అయింది. కోడలు మంచిదే. కానీ రబ్బరు షీటు తెప్పించి, హాల్లో చుట్టాలుండగా, పరుపు కొలత ఎంతని గట్టిగా అడిగింది. వారం తిరక్కుండా మనవరాలి మీద బెంగగా ఉందని చెప్పి ఇక్కడికి వచ్చేశారు.

ఆదివారం మాటేమిటని నేను అడగలేదు. ఆయనే అన్నారు. "ఆదివారం అందరూ ఉంటారు కదా. అందుకని శనివారం రాత్రి పడుకోను. కుర్చీలో కూర్చుంటాను."

డాబా మీద ఆరేస్తే గంటలో ఆరిపోతుంది కదా అన్నాను. రోజూ ఒకే దుప్పటి ఆరేస్తే వీధిలో ఎవరో ఒకరు అడుగుతారన్నారు. అందుకని అదే ఎండని పలకలు పట్టుకుని, తీగల్లోంచి కిందకి దించి, ఇస్త్రీపెట్టెలో పోస్తే, దాంతో దుప్పటి ఆరబెట్టుకుంటున్నారు. నేను ఆ దువ్వెనని చూసి దొంగనుకున్నాను. నేను యాప్ చూసినన్నాళ్ళూ చేత్తో ఉతికి గదిలో ఫ్యాన్ కింద ఆరేసేవారట, నా ఒట్టు విన్నాకే ఇస్త్రీపెట్టె తీశారట.

"మా అమ్మాయికి చెప్పకు. తెలిస్తే ఏమీ అనదు. ఆ ఏమీ అనకపోవడమే నేను పడలేను" అన్నారు.

చెప్పనన్నాను. రెండో పక్క పట్టుకున్నాను. ఇద్దరం కలిసి దుప్పటి మడతపెట్టాం. నాకు సిగ్గేసింది. ఆయన్ని పట్టుకున్నందుకు కాదు, దొంగ దొరికాడని పెరటి తలుపు తోసేటప్పుడు సంబరపడినందుకు.

మార్చి 18, బుధవారం. పదిహేడో రోజు

చూడలేదు. నిజంగా చూడలేదు. కంప్యూటర్ పక్కనే కూర్చుని కూడా. ఈ నెలలో నేను ఒట్టు నిలబెట్టుకున్న రోజు ఒకటుందంటే ఇదే.

మార్చి 20, శుక్రవారం. పంతొమ్మిదో రోజు

డాక్టరు దగ్గరికి రండంటే మామయ్యగారు రారు. అందుకని అపాయింట్‌మెంట్ నా పేరు మీదే రాయించి, "భయంగా ఉంది, తోడు రండి" అన్నాను. పాపం, నా భుజం తడుతూ వచ్చారు.

లోపలికి వెళ్ళాక, అసలు పేషెంటు ఈయన అని చెప్పాను. డాక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, వచ్చారు కాబట్టి ఇద్దరికీ పరీక్ష చేస్తానన్నాడు. నాకు చేసిన పరీక్ష గురించి డైరీలో కూడా రాయను. గోడ మీద ఫ్యాన్ బొమ్మ ఉన్న క్యాలెండర్ ఉంది, ఆ ఫ్యాన్ ఎన్ని వాట్లుంటుందా అని ఆలోచిస్తూ గడిపాను.

ఈ వయసులో చాలామందికి వచ్చేదేనట. మాత్రలు రాశాడు. సాయంత్రం ఆరు దాటాక నీళ్ళు తగ్గించమన్నాడు. బయటికొచ్చాక మామయ్యగారు మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. స్కూటర్ ఎక్కబోతూ, "నీకు ఏమీ లేదన్నాడుగా, అదే సంతోషం" అన్నారు. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం చూశాను.

మార్చి 23, సోమవారం. ఇరవై రెండో రోజు

ఉ. 11:10: చూశాను. దువ్వెన ఉంది. రోజంతా మనసు బాగోలేదు.

మార్చి 24, మంగళవారం. ఇరవై మూడో రోజు

ఉ. 11:10: ఉంది. కానీ చిన్నది.

మార్చి 25, బుధవారం. ఇరవై నాలుగో రోజు

ఉ. 11:10: లేదు.

11:20: లేదు.

11:45: లేదు! షాపులో అందరికీ టీ చెప్పాను. ఎందుకని క్యాషియర్ అడిగింది. ఇంట్లో ఇస్త్రీ లేదన్నాను. పాపం, ఆవిడ టీ తీసుకుని దూరంగా వెళ్ళి కూర్చుంది.

మార్చి 27, శుక్రవారం. ఇరవై ఆరో రోజు

నిన్నా లేదు. ఇవాళా లేదు. ఒట్టు వేసింది నేనే, రోజూ తప్పుతున్నదీ నేనే, ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు నేను చూస్తున్నది వాట్ల కోసం కాదు. ఇన్నేళ్ళలో ఆ గ్రాఫ్‌లో గీత పైకి లేస్తే మురిసిపోయేవాణ్ణి. ఇప్పుడు పదకొండూ పదికి అది లేవకుండా పడుకుంటే మురిసిపోతున్నాను.

మార్చి 29, ఆదివారం. ఇరవై ఎనిమిదో రోజు

అందరం ఇంట్లో ఉన్నాం. టిఫిన్లయ్యాక మా ఆవిడ ప్రకటించింది: ఇంకా రెండు రోజులున్నా నేను నెగ్గినట్టేనట. ఇంత పట్టుదల ఉందని అనుకోలేదట. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహంలో గౌరవం కనిపించింది. ఇదివరకెప్పుడు కనిపించిందో గుర్తు రాలేదు. ఎంత బ్యాటరీ కావాలో తనే చూస్తానని, తన ఫోన్లో యాప్ వేసుకుంది.

నేను గ్లాసులో లేని నీళ్ళు తాగాను.

ఐదు నిమిషాలకి తలెత్తింది. "ఇదేంటి? మొన్న మంగళవారం దాకా పదకొండూ పదికి రోజూ ఏదో నడిచింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు." లాయరు వంక తిరిగింది. "నువ్వు కాలేజీకి వెళ్తున్నావా, లేదా?"

లాయరు లేచి నిలబడింది. హాజరు పట్టీ తెప్పించుకోమంది, ప్రిన్సిపాల్‌ని పిలవమంది, సాక్ష్యం లేకుండా నింద వేస్తే ఊరుకోనంది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మామయ్యగారు పేపరు వెనక కదలకుండా ఉన్నారు. పేపరు మెల్లగా కిందికి దిగడం మొదలైంది. ఇంకో నిమిషం ఆగితే ఆయన నోరు తెరిచి మనవరాలి కోసం అంతా చెప్పేస్తారని నాకు తెలుసు.

"అది నేనే" అన్నాను.

ముగ్గురూ నా వంక చూశారు.

"మొదటి వారంలోనే ఒట్టు తప్పాను. షాపులో యాప్ చూస్తున్నాను. ఎండ బాగున్నప్పుడు కరెంటు వృథా పోతోందని, ఇంటికొచ్చి నా తెల్లకోటు ఉతికి ఇస్త్రీ చేసుకుని వెళ్ళేవాణ్ణి."

"రోజూనా?"

"రోజూ."

"మీ కోటు మీద కాఫీ మరక మూడు వారాలుగా అలాగే ఉంది" అంది మా ఆవిడ.

"అది పోవట్లేదు. అందుకే రోజూ ఉతికాను."

ఆవిడ టీచరు. కాపీ కొట్టినవాణ్ణే కాదు, కాపీ ఇచ్చినవాణ్ణి కూడా మొహం చూసి పట్టేస్తుంది. నన్ను చూసింది. పేపరుని చూసింది. మళ్ళీ నన్ను చాలాసేపు చూసింది. తర్వాత ఫోన్లోంచి యాప్ తీసేసి, "అయితే ఓడిపోయారు. బ్యాటరీ మాట ఏడాది దాకా ఎత్తకండి. రేపు మళ్ళీ ఒకటో రోజు" అంది. కూతురు తల మీద చెయ్యి వేసి తప్పయిందంది.

లాయరు మాత్రం నన్ను క్షమించలేదు. తన పరువుకి నష్టపరిహారంగా, జుట్టు ఆరబెట్టే మిషన్ మీద ఇకముందు నోరెత్తకూడదని రాయించుకుంది.

సాయంత్రం మామయ్యగారి అలమరాలో మా ఆవిడ దుప్పట్లు రెండు ఎక్కువగా పెట్టడం చూశాను. ఎందుకని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

మార్చి 30, సోమవారం. ఒకటో రోజు

ఉ. 6:40: షాపు కంప్యూటర్, పాత ట్యాబ్, అన్నింట్లోంచీ యాప్ తీసేస్తానని రాసిచ్చాను. ఈసారి లాయరు వివరంగా రాసింది. యాప్ చూడకూడదు. ఇన్వర్టర్ చూడకూడదు. పక్కింటాయనతో ఐదు నిమిషాలు మించి మాట్లాడకూడదు. దురుద్దేశంతో ఆకాశం వైపు చూడకూడదు. పద్నాలుగు అంశాలు. సంతకం పెట్టాను.

ఉ. 11:10: షాపులో చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఉందో లేదో తెలియదు. కష్టంగా ఉంది, నిజం రాస్తున్నాను.

సా. 6:30: ఇంటికి వచ్చాను. గేటు దగ్గరే మామయ్యగారు నిలబడి ఉన్నారు. అటూ ఇటూ చూసి, నా కోటు జేబులో ఒక చీటీ పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. ఒట్టు వేసింది నేను గానీ ఆయన కాదు కదా. ఇన్వర్టర్ ముందు స్టూలు వేసుకుని కూర్చుని, స్టేషన్ రిజిస్టరు రాసినట్టు గుండ్రటి అక్షరాల్లో రాశారు:

10:00 – 3,100
11:00 – 3,650
11:10 – ఏమీ లేదు
12:00 – 3,900
1:00 – 3,820

కింద చిన్నగా: రాత్రి ఏడు గంటలు నిద్ర.

6:40: చీటీ రెండుసార్లు చదివాను. ఒట్టు తప్పాను.

రేపు మళ్ళీ ఒకటో రోజు.